నోరు మూసుకున్న రెండు సూదులు

ఇంజనీరమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ ఉదయం మైక్రోస్కోపులో కన్నుపెట్టి ఆమె గొణిగిన మాట పక్కన తిరుగుతున్న ఫ్యానుకు కూడా వినిపించి ఉండదు.

"పదకొండు ఎవరు చేయమన్నారు? పైగా రెండు మూసుకుపోయాయి!"

ఆమె అడిగింది తొమ్మిది. వెంట్రుకంత సన్నటి ఉక్కు గొట్టాలు, ఒకే వరసలో, దువ్వెన పళ్ళలా. చేసింది సూదుల బాబాయ్. ఆయన ఎవరికీ సొంత బాబాయ్ కాడు; ముప్పై ఏళ్ళుగా వర్క్‌షాపులో సూదులు అరగదీస్తూ అందరికీ బాబాయ్ అయిపోయాడు. మాటలంటే ఆయనకు మహా బద్ధకం. "ఊఁ" అన్నాడంటే ఉపన్యాసం ఇచ్చినట్టే.

ఆ సూదుల్ని బిగించేది అణువుల బరువు తూచే యంత్రం ముందు. రక్తం నుంచి తీసిన ద్రవం సూది కొసకు రాగానే కరెంటు దాన్ని తుంపరగా చిమ్ముతుంది. యంత్రం ఆ తుంపరను పీల్చుకుని అందులో ఏముందో చెబుతుంది. ఒకటే సూది అయితే తుంపర లావు, చాలా భాగం వృథా. అదే ద్రవాన్ని తొమ్మిదింటికి పంచితే తుంపర నలుసుల్లా సన్నబడుతుంది, యంత్రానికి అందేది పెరుగుతుంది. అంటే తక్కువ రక్తం చాలు.

ఆ తక్కువ రక్తం కోసమే ఆమె మూడేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటోంది. ఆమె కూతురు నెలలు నిండకుండా పుట్టింది. గుప్పెడంత ఉండేదని ఇంట్లో ఇప్పటికీ దాన్ని పిచ్చుక అనే పిలుస్తారు. ఆసుపత్రిలో ప్రతి పరీక్షకూ మడమ గుచ్చి చుక్కలు పిండేవారు, చాలకపోతే మళ్ళీ గుచ్చేవారు. ఆరేళ్ళు వచ్చినా ఆ తెల్లటి మచ్చలు పోలేదు. "అమ్మా, నా కాలికి చుక్కలున్నాయి చూడు" అని పిచ్చుక గొప్పగా చూపించుకుంటుంది. తల్లి ప్రతిసారీ నవ్వి, పక్కగదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంటుంది.

ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకు పిల్లల వార్డు డాక్టరమ్మ వస్తోంది. తెచ్చేది ఒకే ఒక్క చుక్క, పుట్టి రెండు వారాలైన పసివాడిది. అది యంత్రానికి కనపడితే సరే. కనపడకపోతే పాత పద్ధతే. నర్సు వాణ్ణి మళ్ళీ గుచ్చి ఇంకో నాలుగు చుక్కలు తీయాలి.

ఇప్పటిదాకా చేసిన వరసలన్నీ ఒకేలా మొండికేశాయి. కరెంటు తగ్గిస్తే రెండు చివర్లవే చిమ్ముతాయి, మధ్యవి ముక్కు కారినట్టు కారుతూ కూర్చుంటాయి. పెంచితే మధ్యవి మేలుకుంటాయి గాని, చివరివి చిటపటా నిప్పురవ్వలు కక్కుతాయి. ఆమె సూదుల పొడవు మార్చింది, ఎడం మార్చింది, చివరికి తన నిద్రవేళలు కూడా మార్చుకుంది. ఒరిగింది ఏమీ లేదు.

బాబాయ్‌కి ఫోను చేసింది. అది ఆయన బల్ల మీదే మోగింది. మనిషి కొత్త కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి వెళ్ళాడట.

ఇక ఆగలేకపోయింది. మూసుకుపోయినవి వరసకు రెండు చివర్లా ఉన్నవే. సన్నటి తీగ వేడిచేసి ఎడమ చివరి సూదిలోకి వెనకనుంచి దూర్చింది. లోపలంతా జిగురు. "నిద్రలో చేశాడా ఏంటి ఈయన!" అనుకుంటూ లాగేసింది. రెండోదానికి ఓపిక చాలక, ముందు రక్తం కలపని ఉత్త ద్రవంతో చూద్దామని వరసను యంత్రానికి బిగించి కరెంటు పెంచింది.

ఎడమ చివర చిటపట మొదలైంది. కుడి చివర మాత్రం చడీచప్పుడూ లేదు. దాని పక్కదీ, ఆ పక్కదీ, మధ్యవీ అన్నీ ఒకే తీరున, సన్నటి ఆవిరిలా చిమ్ముతున్నాయి. ఆమె కరెంటు ఆపింది, మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. మూసి ఉన్న వైపు బుద్ధిగా ఉంది, తాను తెరిచిన వైపు అల్లరి చేస్తోంది.

"తెరిచేశావా?" అన్నాడు గుమ్మంలోంచి బాబాయ్, కొత్త కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"బాబాయ్, మీరు కావాలనే మూశారా? మరి ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"నిన్న చెబుదామనే వచ్చాను. నువ్వు ఫోనులో పిచ్చుక చేత ఎక్కాలు చెప్పిస్తున్నావు. ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయింది పాపం. సరే, రేపు చూద్దాంలే అని పోయాను."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "చూడమ్మాయ్, మధ్య సూదికి అటూ ఇటూ తోడుంది. చివరిదానికి ఒక పక్కే. అందుకే కరెంటు జోరంతా దాని మీద పడుతోంది. దాన్ని పీకేస్తే పక్కది చివరిదై అదే గోల. ఎవరు చివరుంటే వాళ్ళకే ఒళ్ళు తెలియట్లేదు. అందుకని నోరు మూసుకుని నిలబడేవాళ్ళనే చివర పెట్టాను. దెబ్బ వాళ్ళు కాస్తారు, మిగతా తొమ్మిదీ పని చేసుకుంటాయి."

ఆయన ఒక్కసారే ఇన్ని మాటలాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. ఆమె కంప్యూటరులో వేసిన సూదుల బొమ్మ కూడా, జోరు ఎక్కువున్న చివర్లను ఎర్రరంగులో చూపిస్తూనే ఉంది. ఆమె ఆ ఎరుపును తగ్గించాలని చూసింది గాని, దాన్ని చిమ్మే పని లేని సూదికి అప్పగించవచ్చని ఆమెకు ఏనాడూ తోచలేదు. ముందు సిగ్గేసింది. తర్వాత ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

"పాడుచేశాను బాబాయ్."

"పాడేముంది? జిగురుంది, గంట టైముంది."

ఆయన ఆ సూదిని మళ్ళీ మూస్తుంటే ఆమె దీపం పట్టుకుని నిలబడింది. ముప్పై ఏళ్ళ ఉక్కుపొడి గోళ్ళలో ఇంకిన ఆ చెయ్యి ఆవగింజంత జిగురును సూటిగా సూదిలోకి దించింది.

పన్నెండుకు డాక్టరమ్మ వచ్చింది. మైక్రోస్కోపులో చూసి, "ఇందులో రెండు పనిచేయడం లేదేమిటండీ?" అంది.

"పదకొండూ పనిచేస్తాయండీ," అంది ఇంజనీరమ్మ. ఈసారి గొంతు తగ్గలేదు.

చుక్కను సిద్ధం చేసి పంపారు. చిటపటలు లేవు. తెర మీద గీత చాలాసేపు నేలబారుగా పాకింది. ఉన్నట్టుండి గీత లేచింది, నిటారుగా, ఎవరు చూసినా తెలిసేటంత ఎత్తుగా.

"ఊఁ," అన్నాడు బాబాయ్.

ఇంజనీరమ్మ పక్కగదిలోకి వెళ్ళలేదు. అందరి ముందే, అక్కడే ఏడ్చేసింది.

డాక్టరమ్మ ఫోను మోగింది. వార్డు నుంచి నర్సు. "మేడమ్, బాబు మడమ వెచ్చబెట్టి ఉంచాను. మళ్ళీ గుచ్చమంటారా?"

డాక్టరమ్మ తెరవైపు ఇంకోసారి చూసింది.

"వద్దమ్మా. మేజోడు తొడిగేయండి."