వండినవాళ్ళ పళ్ళెం

"ఫ్రిజ్‌లో నీలం మూత గిన్నెలో ఉన్నది నిన్నటి దోసెల పిండేనా, మొన్నటిదా?" అని మా ఆయన ఫోన్లో అడిగారు. ముందున్న తాత్కాలిక వంతెన కుంగిందనీ, బస్సు కదలదనీ, ఈ రాత్రికి ఈ ఊళ్ళోనే ఉండాలనీ నేను అప్పటికే రెండుసార్లు చెప్పాను. "వేరే దారి లేదా? సరిగ్గా కనుక్కున్నావా?" అన్నారు, వంతెనను నేనే ఓ తోపు తోసినట్టు. వెనక నుంచి అత్తగారు, "ఆఫీసు ట్రైనింగులంటూ ఊళ్ళు పట్టుకు తిరిగితే ఇలాగే ఉంటుంది" అన్నారు. కోడలొచ్చాక వంటింట్లో కాలు పెట్టని మనిషి ఆవిడ. చివరికి ఫోను మా అమ్మాయి తీసుకుంది. పదో తరగతి.

"కంగారుపడకమ్మా, మధ్యాహ్నం వంట నేనే చేశా. నాన్నా నానమ్మా తినేశారు. ఇప్పుడు నేను తింటున్నా."

"ఏం తింటున్నావే?"

"కూర అయిపోయింది. అన్నం ఉందిగా."

గొప్పగానే చెప్పింది. నేనూ "మా బంగారమే" అని ఫోను పెట్టేశాను.

వరద తీసి నెల దాటిన ఊరు అది. ఇళ్ళ గోడల మీద నా ఛాతీ ఎత్తున బురద గీత. గుమ్మాల ముందు ఎండకు ఆరేసిన పరుపులు, పుస్తకాలు, పెళ్ళి ఫోటోలు. బస్సులో ఉన్నవాళ్ళందరినీ బడికి తీసుకెళ్ళారు. ఇళ్ళు బాగయ్యేదాకా ఊళ్ళో సగం మందికి అక్కడే వంట, అక్కడే భోజనం. ఆ వంట చూసుకునేది ఓ కుట్టుపనావిడ. మిషను బురదలో కూరుకుపోయినా మెడలో టేపు మాత్రం తియ్యలేదు. అందరూ టైలరక్క అంటారు. నా చేతులు ఊరికే ఉండవు కదా, వెళ్ళి కత్తిపీట అందుకున్నాను. కాసేపటికి పెద్ద గిన్నెడు కూర నా చేతికే వదిలేసింది. ఉడికాక, అలవాటు కొద్దీ గరిట పుచ్చుకుని లైను దగ్గరికి నడిచాను.

టైలరక్క గరిట లాక్కుంది. "నువ్వెక్కడికి? కూర్చో. వండినవాళ్ళు ముందు తినాలి."

"నేను చివర్లో తింటాలెండి, నాకు అలవాటే."

"ఆ అలవాటు ఇంటికెళ్ళాక చూసుకో. నీళ్ళు తీసిన కొత్తల్లో మేమూ అలాగే చేశాం. ఊరందరికీ పెట్టి, మేం గిన్నెలు గీక్కునేవాళ్ళం. ఓ రోజు మా తోడికోడలు వడ్డిస్తూ వడ్డిస్తూ దబ్బున పడింది. రెండు రోజులుగా ఏమీ తినలేదట, చెప్పడానికి సిగ్గేసిందట! అప్పట్నుంచీ ఇదే రూలు. వండిన చెయ్యి తిన్నాకే గరిట లేస్తుంది."

లైనంతా పళ్ళేలు పట్టుకుని నా వైపే చూస్తోంది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ముందు నిలబడ్డ ముసలాయన మాత్రం, "కూర ఎలా ఉందమ్మా?" అన్నాడు, వండినవాళ్ళను అడగడం మామూలే అన్నట్టు.

చెప్పాలి కదా అని టైలరక్క పెట్టిన పళ్ళెంలోంచి ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పొగలు కక్కుతోంది. బాగుంది. నిజంగా బాగుంది! నా చేతి కూర వేడిగా ఎలా ఉంటుందో ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియనే తెలియదు. 'నీ చేతిలో రుచి లేదు' అని ఆయన అంటే, అడుగున చల్లారిన ముద్ద నమిలి, నిజమే కాబోలనుకునేదాన్ని. 'మేమూ మిగిలిందే తిన్నాం, అరిగిపోయామా?' అనేవారు అత్తగారు. కడుపు నిండుతుంటే కళ్ళు కూడా నిండాయి. అప్పుడు గుర్తొచ్చింది, 'అన్నం ఉందిగా' అన్న నా కూతురి గొంతు. గతుక్కుమన్నాను.

మర్నాడు వంతెన సరిచేసి తెరిచారు. టైలరక్క చేతులు పట్టుకున్నాను. ఏం చెప్పాలో తెలియక "మీ మేలు మరిచిపోను" అన్నాను. "పట్టెడన్నానికేనా!" అని నవ్వింది. "మళ్ళీ రా, ఈసారి వంతెన కుంగకుండా." ఇల్లంతా బురదపాలైన మనిషి నాకు అంత పెట్టి పంపింది. దారి పొడుగునా ఆవిణ్ణే తలుచుకున్నాను.

నేను ఇల్లు చేరేసరికి అమ్మాయి స్టవ్ దగ్గరుంది. తండ్రీ నానమ్మా బల్ల దగ్గర కూర్చున్నారు. "వచ్చావా, బతికించావు. కాళ్ళు కడుక్కుని వడ్డించు" అన్నారు ఆయన. కాళ్ళు కడుక్కున్నాను. ఒక్క పళ్ళెంలో వేడి అన్నం, కూర పెట్టి, కుర్చీ లాగి అమ్మాయిని కూర్చోబెట్టాను.

"నాన్నకి పెట్టలేదుగా?"

"వండింది నువ్వు. ముందు నువ్వు తిను."

"ఇదెక్కడి చోద్యం!" అన్నారు అత్తగారు.

"మరి నేను?" అన్నారు ఆయన.

"మీరు లైన్లో ఉన్నారు" అన్నాను. అమ్మాయి వైపు తిరిగాను. "కూర ఎలా ఉందే?"

అది ముద్ద మింగి, కళ్ళు పెద్దవి చేసుకుని నన్ను చూసింది. "బాగుందమ్మా! నేనే చేశానా?"

అత్తగారు ఆ పళ్ళెంలోంచి లేస్తున్న ఆవిరినే చాలాసేపు చూశారు.

"రేపు కూర నేను వండుతాను" అన్నారావిడ.