ఇక్కడ కాదు, అక్కడ చెప్పండి

ధర్మవరం కల్యాణమంటపంలో కుళ్ళాయమ్మ టీచరు పదవీ విరమణ సన్మానం. సన్మానపత్రం చదివే పని యశోదకు అప్పజెప్పారు. యశోదకు పుట్టుకతోనే చూపు లేదు. గుడ్డిపిల్లను బడిలో చేర్చుకోనన్న హెడ్మాస్టరుతో పోట్లాడి, ఆమెను చదివించింది ఆ కుళ్ళాయమ్మే. ఇప్పుడు యశోద పెనుకొండ హైస్కూల్లో తెలుగు టీచరు.

యశోద చదివే పద్ధతి వేరు. స్క్రీన్ మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఆమె ల్యాప్‌టాప్‌లో ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, అది చెప్పిన మాటను వెంటనే తాను పలుకుతుంది. తరగతిలో రోజూ చేసే పనే. పత్రం ఆ ఉదయమే మెయిల్లో వచ్చింది. ముందుగా ఒకసారి వినే తీరిక దొరకలేదు. అయినా ఆమెకు భయం లేదు.

"పిల్లల పెళ్ళిళ్ళు ఆపి, వాళ్ళ కళ్ళు తెరిపించిన కుళ్ళాయమ్మ గారు" అని ఉంది పత్రంలో. చెవిలో గొంతు మాత్రం "పిల్లల ఆపి, తెరిపించిన గారు" అంది. యశోద అదే పలికింది. పలికాక గానీ తెలియలేదు. ముందు వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే. ళ్ళ అక్షరం ఉన్న మాట వచ్చిందంటే చాలు, గొంతు దాన్ని మింగేస్తోంది.

"పాపం, కండ్లు కనపడవు గదా, ఏం చేస్తాది" అంది వెనకనుంచి ఒకావిడ.

నవ్వినందుకు యశోద బాధపడలేదు. ఆ 'పాపం' మాత్రం చెంపదెబ్బలా తగిలింది. పత్రం పక్కన పెట్టి, గుర్తున్నంత మటుకు తన మాటల్లో చెప్పి, చప్పట్ల మధ్య దిగివచ్చింది. కుళ్ళాయమ్మ ఆమె చెయ్యి పట్టుకుని "బాగా చెప్పినావు లేమ్మా" అంది. ఆ ఓదార్పుతో కోపం ఇంకా పెరిగింది.

మర్నాడు బస్సెక్కి హిందూపురం వెళ్ళింది. ల్యాప్‌టాప్ బాగుచేసేది అక్కడి జోసెఫ్. చాలాకాలంగా అప్‌డేట్ చేయని ప్రోగ్రాంను నాలుగు రోజుల కిందటే అతను కొత్తది చేసి ఇచ్చాడు. బడికి సెలవులు కావడంతో ఆమె దాంతో ఇంకా ఏ పాఠమూ చదవలేదు.

"ఏమప్పా జోసెఫ్, ఏం చేసినావు దీన్ని? మంది ముందర నా పరువు తీసింది గదప్పా!"

జోసెఫ్ అక్కడే విని చూశాడు. "నేను చేసింది కాదు మేడం. కొత్తదాంట్లోనే తప్పుండాది. చేసినోళ్ళకు రాస్తే సరిచేస్తారు."

"యాడ రాయాల?"

"వాళ్ళ వెబ్‌సైట్లో ఉంటాది మేడం."

యశోద రాసింది. ఏ మాట వస్తే మింగేస్తోందో, ఎప్పటినుంచో, అంతా వివరంగా ఇంగ్లీషులో రాసింది. రెండ్రోజులకు జవాబు. "మేం అక్షరాలను గొంతుకు అందిస్తాం, అంతే. పలకడం మా పని కాదు. గొంతు తయారుచేసేవాళ్ళకు చెప్పండి." కింద 'మూసివేయబడింది' అని ఉంది. గొంతువాళ్ళకు రాసింది. తెలుగు ఉచ్చారణ నియమాలు చూసేవాళ్ళు వేరన్నారు. మూసేశారు. ఆ వేరేవాళ్ళ పేజీలో తప్పులు తీసుకోరట, మెయిల్ గ్రూపుకు పంపాలట. పంపింది. సభ్యులు కానివారి ఉత్తరాలు స్వీకరించబడవని అది తిరిగొచ్చింది.

"రేషన్‌కార్డుకు కూడా ఇన్ని ఆఫీసులు తిప్పరు గదప్పా!" అని ఫోన్లో జోసెఫ్ మీద అరిచింది. అతనేం చేస్తాడు, విన్నాడు.

మొదటి చోటే మళ్ళీ రాసింది. ఈసారి జవాబు ఒక్క ముక్క. "ఇది పాతదే. ముందే ఒకరు రాశారు." పక్కన లింకు. తెరిచి వింది. ఏడాది కిందట రాసింది. వచ్చీరాని ఇంగ్లీషు. "నా కంప్యూటర్ ఇల్లు అంటుంది, ఇళ్ళు అనదు. దయచేసి సాయం చేయండి." రాసింది గంగాధర్, కదిరి. కింద "ఇది సరైన చోటు కాదు" అన్న ఒక్క వాక్యం. మూసివేయబడింది. తర్వాత అతను ఏమీ రాయలేదు.

అడుగున అతని ఫోన్ నంబరు ఉంది. చేసింది.

"డీఎస్సీకి చదువుకుంటాంటి మేడం," అన్నాడు గంగాధర్. "నాకూ చూపు లేదు. పాఠంలో మాటలు ఎగిరిపోతాంటే ఏం చదివేది? వాళ్ళకు రాసినా. ఈడ కాదన్నారు. నాకు ఇంగ్లీషు సరిగా రాదు గదా, నేనే తప్పు చోట అడిగినా అనుకున్నా. ఇప్పుడు మా అన్న టెంకాయల అంగట్లో కూర్చుంటాండా."

యశోద ఫోన్ పెట్టేసింది. తన పరువు మాట మరిచిపోయింది. అప్పుడే కూర్చుని, తనను తిప్పిన చోట్లన్నిటికీ ఒకే ఉత్తరం రాసింది. గ్రూపులో ముందు సభ్యురాలిగా చేరి మరీ పంపింది.

"ఇది సరైన చోటు కాదని మీకు తెలుసంటే, సరైన చోటేదో కూడా మీకు తెలుసు. అక్కడికి మీరే పంపవచ్చు. గొంతు ఒకరిదీ, అక్షరం ఒకరిదీ, నియమం ఇంకొకరిదీ అని వాడేవాడికి ఎలా తెలుస్తుంది? మాకు వినపడేది ఒక్కటే కంప్యూటర్. మీరు మూసేసింది ఒక పేజీ అనుకుంటున్నారు. కదిరిలో ఒక మనిషి చదువు మూసేశారు."

ఒకతను వెంటనే జవాబిచ్చాడు. "మర్యాదగా రాయండి. మేమంతా జీతం లేకుండా, ఉద్యోగాలయ్యాక పనిచేస్తున్నాం. రోజుకు వందల ఫిర్యాదులు వస్తాయి."

ఆ మాట అబద్ధం కాదని యశోదకు తెలుసు. ఆ జవాబును ఇంకోసారి వింది. తర్వాత రాసింది. "మీకు జీతం లేదు, నిజమే. గంగాధర్‌కు కూడా లేదు."

ఆ గొడవ చదివి గొంతు తయారుచేసేవాళ్ళలో ఒకామె ముందుకు వచ్చింది. యశోదను రికార్డింగులు అడిగి తీసుకుంది. నియమాలు చూసేవాళ్ళ దగ్గరికి ఆ ఫిర్యాదును తానే మోసుకుపోయింది. ఎవరో నియమాలు సర్దుతూ ఒక వరుస చెరిపేశారట, అంతే. మరుసటి అప్‌డేట్‌లో ళ్ళ పలికింది. మొదటి చోటివాళ్ళు గంగాధర్ పేజీని మళ్ళీ తెరిచి, తమది కాని ఫిర్యాదును ఇకమీద తామే సరైన చోటికి చేరుస్తామని, అది చేరేదాకా మూసేయబోమని రాసుకున్నారు. మెయిల్ గ్రూపువాళ్ళు మాత్రం ఏమీ మార్చుకోలేదు.

"సరైపాయ గదా మేడం, ఇంక కోపమెందుకు?" అన్నాడు జోసెఫ్.

"గమ్మునుండప్పా," అంది యశోద. ఆ ఆదివారం అతన్ని వెంటబెట్టుకుని కదిరి వెళ్ళింది. టెంకాయల అంగడి వెనక, గోనెసంచుల మీద కూర్చుని, గంగాధర్ కంప్యూటర్లో జోసెఫ్ కొత్తది ఎక్కించాడు. గంగాధర్ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. పెళ్ళి, నీళ్ళు, కుళ్ళాయి. అన్నీ వినపడ్డాయి.

"పలుకుతాండాది మేడం," అన్నాడు. ఇంకో మాట విని, "ఆ డీఎస్సీ అయిపాయ. మళ్ళా ఎప్పుడేస్తారో" అన్నాడు.

యశోద జోసెఫ్‌తో చెప్పి పాఠం ఒకటి తెరిపించింది. అంగడి ముందు ఎవరో టెంకాయ అడిగారు. "ఉండన్నా, ఈ పాఠం అయినాక వస్తా" అన్నాడు గంగాధర్.