కరువుతోట

గొడవ మూరెడు కనకాంబరాల దగ్గర మొదలైంది.

"ఇది మూరా? నా చేత్తో కొలిస్తే నాలుగు వేళ్లు తక్కువొచ్చింది," అంది లక్ష్మీకామేశ్వరి వీధి గుమ్మంలో నిలబడి.

"నీ సెయ్యి పొడుగు తల్లీ, నాది పొట్టి. దేవుడిచ్చిన సెయ్యి, నానేటి సేత్తాను?" అంది పూల అసిరమ్మ.

"అయితే పొడుగు చేతుల దాన్నెవరినైనా తెచ్చి కొలిపించు."

"మా దాలమ్మని తెత్తాను. దానికి సేతులు పొడుగు. నోరింకా పొడుగు. పడగలవేటి?"

వంటింటి గడప దగ్గర చూడామణి నవ్వాపుకోలేకపోయింది. అత్తగారు చూడనే చూసింది.

"నవ్వు! బి.ఏ. చదివిన కోడలివి, వీధి మనుషుల్నే వెనకేసుకురా."

"నాలుగు వేళ్ల పూల కోసం వీధంతా వినేలా అరవడం దేనికి అత్తయ్యా?"

అంతే. మాట పూల మీంచి చదువు మీదికి, చదువు మీంచి పుట్టింటి మీదికి పాకింది. ఆ గోలలోనే అసిరమ్మ బొడ్లోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసింది.

"అమ్మా, ఇది కూసింత సదివి సెప్పు. నరసింగరావుబాబు గుమస్తా ఇచ్చినాడు. తోటలో కూకునే ఆడోళ్లందరం ఏలుముద్దర ఎయ్యాలంట."

ఆ దస్తూరీ చూడగానే చూడామణి గుర్తుపట్టింది. మామగారు కూర్మనాథంది. నలభై ఏళ్లుగా కోర్టు ఎదుట అరుగు మీద దస్తావేజులు రాస్తున్న చెయ్యి అది. 'కరువుతోటలో పూలు, కూరలు అమ్ముకొను మేము గేటు లోపల నీడపట్టున కూర్చొనుటకు అనుమతి పొందినాము' అని మొదటి మూడు పంక్తులు. కింద ఇంకో పన్నెండు ఉన్నాయి. లోపల అన్నం అడుగంటుతున్న వాసన వస్తోంది. అత్తగారు ఇంకా అరుస్తూనే ఉంది.

"మామగారు రాసిందే. కూర్చోవడానికి అనుమతి. వెయ్యండి, పరవాలేదు."

"నువ్వు సదివినావు గదా, సాలు," అంది అసిరమ్మ.

ఆ సాయంత్రం నలభై ముగ్గురు ఆడవాళ్ల బొటనవేళ్లు నల్లబడ్డాయి.

విజయనగరం నడిబొడ్డున, నాలుగు రోడ్ల మధ్య ఉంది ఆ తోట. బోర్డు మీద జూబిలీ పార్కు అని రాసినా ఊరికది కరువుతోటే. దొరల కాలంలో పెద్ద కరువొచ్చినప్పుడు, పూటకో ముంత గంజి పోసి జనం చేత ఆ నేల తవ్వించారు. తొమ్మిది నిలువుల బావి. ఎనిమిదో నిలువు దగ్గర మట్టి విరిగిపడి ఇద్దరు మనుషులు కూరుకుపోయారు. వాళ్లలో ఒకడు అసిరమ్మ మొగుడు ఎర్రన్నకి తాత. తర్వాత కోటలోని రాజులు తోటని ఊరికి రాసిచ్చారు. ఆ సంగతి చెక్కిన రాయి గేటు పక్కనే ఉండేది. ఎర్రన్న ఆ తోటకే మునిసిపాలిటీ మాలి. తాత పోయిన బావిలోంచే ఇరవై ఏళ్లుగా నీళ్లు తోడి మొక్కలకి పోస్తున్నాడు.

రెండేళ్ల కిందట గేటు బాగుచేస్తామని రాయి పీకారు. అది మళ్లీ కనబడలేదు. మునిసిపాలిటీలో కాగితాలు అడిగితే చెదలు తినేశాయన్నారు. పాత దివాను మనవడు నరసింగరావు, అది మా తాత పూలతోట, సినిమా హాలు కట్టుకుంటాను అన్నాడు.

వేలిముద్రలు పడిన వారానికి గేటుకి తాళం పడింది.

మరో వారానికి, ఒక ఉదయం తాళం ఎదుట రోడ్డు మీదే మీటింగు పెట్టారు. పూలవాళ్లు, కూరలవాళ్లు, రిక్షావాళ్లు, షిఫ్టు దిగి ఒంటినిండా జనప నూగుతోనే వచ్చిన మిల్లు కూలీలు, కాలేజీ కుర్రాళ్లు. చూడామణి కూరల సంచీతో రెయిలింగు పక్కన నిలబడింది.

"తొందరపడొద్దు. ముందు కోర్టులో దావా ఏద్దాం," అన్నాడు మిల్లు యూనియను జగన్నాధం.

"కోర్టు తేల్చేసరికి హాల్లో రెండో ఆట పడుతుంది! తాళం బద్దలు కొట్టాలి!" అన్నాడొక విద్యార్థి.

"కొట్టీసి నువ్వు పరీచ్చలకి పోతావు బాబూ, మేం జైలుకి పోతాం," అంది అసిరమ్మ. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. "అయినా కొడదాం. ఒక్కడు కొడితే దొంగంటారు. అందరం సెయ్యేద్దాం. దావా కూడా ఏద్దాం."

అందరూ చెయ్యి వేశారు. గేటు బందులతో సహా ఊడి వచ్చింది. జనం జేజేలు కొడుతుంటే ఎర్రన్న మాత్రం నేరుగా బావి దగ్గరికి పోయాడు. వారం రోజులుగా నీళ్లు లేక మొక్కలు వాడిపోయాయి.

రెండు చేదలు తోడాడో లేదో, నక్సలైట్ల వేటకి పార్వతీపురం వైపు కొండల్లోకి పోవలసిన పోలీసు లారీ ఒకటి తోట ముందు ఆగింది. ఇనస్పెక్టరు దిగి జేబులోంచి కాగితం తీశాడు. చూడామణి చదవని పన్నెండు పంక్తులూ అతను చదివాడు.

"ఈ తోట శ్రీ నరసింగరావుగారి సొంత ఆస్తియనియు, ఇందు ప్రజలకుగాని మునిసిపాలిటీకిగాని ఎట్టి హక్కు లేదనియు, వారి దయవల్ల కూర్చుంటిమనియు, లెమ్మన్న తక్షణం లేచిపోగలమనియు... ఇవిగో మీ వేలిముద్రలు."

ఒకరొకరే ఆడవాళ్లు తలలు తిప్పి రెయిలింగు వైపు చూశారు. తిట్టలేదు. చూశారంతే.

"ఇందులో మొదటి ముద్ర ఎవరిది?" అన్నాడు ఇనస్పెక్టరు.

"నాదే బాబూ," అంటూ అసిరమ్మ ఎడమ చెయ్యి చాపింది. కాగితం మీద ముద్రతో పోల్చి చూస్తాడనుకుంది. ఆ చెయ్యి మీద, మోచేతికీ మణికట్టుకీ మధ్య, లాఠీతో ఒక్కటి వేశాడు. ఎముక విరిగిన చప్పుడు చూడామణికి రోడ్డు దాకా వినబడింది. పూలు కొలిచే చెయ్యి అదే.

ఎర్రన్న చేద వదల్లేదు. "ఇది మా తాత తవ్విన నుయ్యి!" అని అరుస్తున్నాడు. బావి గట్టు మీద ముగ్గురు పోలీసులు అతన్ని కొట్టారు. నాలుగో దెబ్బకి తాడుతో సహా లోపలికి పోయాడు. మధ్యాహ్నం దాకా ఎవర్నీ బావి దగ్గరికి రానివ్వలేదు. కొంతసేపు లోపల్నించి గొంతు వినబడింది. తర్వాత వినబడలేదు.

నక్సలైటు ఒకడు తప్పించుకోబోయి నూతిలో దూకాడని పోలీసులు రాసుకున్నారు.

ఆ శనివారం వీధి గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు. అసిరమ్మ చేతికి వెదురుబద్దల కట్టు. గంప దాలమ్మ నెత్తి మీద ఉంది.

"పొడుగు సేతులదాన్ని తెచ్చినాను తల్లీ. కొలిపించుకో," అంది అసిరమ్మ. దాలమ్మ మూరెడు కొలిచి ఆకులో పెట్టింది. లక్ష్మీకామేశ్వరి ఆకు పట్టుకుని లోపలికి పోయింది.

"అమ్మా, ఆ దినం కాయితం అంతా సదివినావా?"

"లేదు," అంది చూడామణి.

"మీ మావ రాసిందే అన్నావు గదా?"

"అన్నాను. అందుకే పూర్తిగా చదవలేదు."

"ఆ ముక్క కోర్టులో అంటావా? మేం ఏసిన దావాకి సోమారం వాయిదా. తోట జనానిదని సెప్పడానికి జనమే సాచ్చి అంటాడు జగన్నాధం. ఆ జనం నోరు ఈ కాయితంతో కట్టీసినారు. కట్టు ఇప్పాలంటే నువ్వే."

చూడామణి వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది.

"ఇప్పుడే సెప్పక్కర్లేదు. సోమారం తెల్లారేసరికి మేం తోట సుట్టూ రోడ్డు మీద కూకుంటాం. మిల్లోళ్లూ వొత్తారు. మళ్లీ కొడతారు. కొట్టినా కూకుంటాం." నాలుగడుగులు వేసి అసిరమ్మ వెనక్కి తిరిగింది. "నా మొగుడు పోయినాడని రాలేదమ్మా నాను. ఆ నుయ్యి మా వోళ్ల పేనాలు రెండు తినీసింది. ఇంక దాన్నొకడి ఇంటి నుయ్యి కానివ్వం."

ఆదివారం మధ్యాహ్నం పనసపొట్టు కూర చేసింది చూడామణి. కూర్మనాథం, భర్త వేంకటాచలం పక్కపక్కన కూర్చుని తింటున్నారు. హాలు లేచాక మేనేజరు ఉద్యోగం వేంకటాచలానికే అని నరసింగరావు మాటిచ్చాడు.

"చట్టం తెలిసినవాడికి కర్రతో పనేమిటిరా? ఒక్క కాగితం చాలు," అంటున్నాడు కూర్మనాథం.

"రేపు నేను కోర్టుకి వెళ్తున్నాను," అంది చూడామణి, చారు వడ్డిస్తూ.

"నువ్వా? దేనికి?"

"సాక్ష్యానికి. ఆ దస్తూరీ మీదని చెబుతాను మామయ్యగారూ. మీరు రాశారు కదా అని మూడు పంక్తులు చదివి, నలభై ముగ్గురి చేత వేలిముద్రలు వేయించింది నేనేనని కూడా చెబుతాను."

కూర్మనాథం చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "ఈ వయసులో నన్ను జైలుకి పంపిస్తావా?"

"మీరు ఎర్రన్నని నూతిలోకి పంపించారు."

"గుమ్మం దాటావంటే మళ్లీ ఈ ఇంట్లో అడుగు పెట్టవు!" అన్నాడు వేంకటాచలం.

లక్ష్మీకామేశ్వరి కోడలి వంక చూసింది, కొడుకు వంక చూసింది. నిన్నటి పూలు గూట్లో ఆకులో అలాగే ఉన్నాయి. ఆవిడ వాటిని తల్లో పెట్టుకోలేదు, దేవుడికీ పెట్టలేదు.

చూడామణి చారుగిన్నె కింద పెట్టింది.

"తెల్లారే వెళ్తాను. కోర్టు తెరిచేదాకా తోట చుట్టూ వాళ్లతోనే కూర్చుంటాను. రేపటి వంట మీరు చూసుకోండి."