ధర కట్టని చేపలు

లెక్కలమ్మకు ఆ పేరు పెట్టింది ఆఫీసువాళ్ళు కాదు, అత్తగారు. పెళ్ళయిన కొత్తలో కోడలు ఉప్పు డబ్బా మీద కొన్న తేదీ రాసి అంటించడం చూసి, "ఇదెక్కడి లెక్కలమ్మ దొరికిందే నాకు!" అని నలుగురిలో నవ్వింది. సాయంత్రానికి ఆ పేరు దీవి అంతా పాకింది. దీవి ఎంతని, ఆ చివర తుమ్మితే ఈ చివర వినబడేంత.

ఆవిడ ఉద్యోగం గణాంకాల ఆఫీసులో. చీటీలు తీసి ఎంచిన రెండు వందల ఇళ్ళకు ఖర్చుల పుస్తకాలు పంచాలి. రెండు వారాల పాటు వాళ్ళు తిన్నవీ వాడినవీ రాస్తే, అవన్నీ పోగేసి దీవిలో తలకి ఎంత వినియోగమో తేల్చాలి. ఏటా ఆ అంకెను పట్టించుకున్న నాథుడు లేడు. ఈసారి మాత్రం దానికి ప్రాణం వచ్చింది. ఎదుటి దీవి లెక్కా ఈ దీవి లెక్కా పక్కపక్కన పెట్టి, ఏది తక్కువ వాడుకుంటోందో దానికి డయాలసిస్ యంత్రాలున్న ఆస్పత్రి పడవ ఇస్తామని అభివృద్ధి బ్యాంకువాళ్ళు చెప్పారు. ఉన్నది ఒక్కటే పడవ.

అత్తగారి మూత్రపిండాలు చెడి రెండేళ్ళయింది. వారానికి రెండుసార్లు నాలుగు గంటలు మామూలు పడవలో పెద్ద ఊరికి వెళ్తుంది. చికిత్స అయ్యాక మళ్ళీ నాలుగు గంటలు, దారంతా వాంతులు. ఆస్పత్రి పడవ వస్తే ఆవిడ నడిచి వెళ్ళి నడిచి రావచ్చు. లెక్కలమ్మ ఆ సంగతి తలుచుకోని రోజు లేదు.

లెక్క తేలింది. ఎదుటి దీవి వంద అనుకుంటే ఈ దీవి ఎనభై ఒకటి. పడవ మనదేనని పెద్దసారు అందరికీ టీ తెప్పించాడు. లెక్కలమ్మ టీ పక్కన పెట్టి మళ్ళీ పుస్తకాలు తిరగేసింది. చేపలు పట్టి బతికే దీవిలో సగం పుస్తకాల్లో చేప అన్న మాటే లేదేమిటి?

అత్తగారు వెనక వీధిలో వేరుగా ఉంటుంది. ఆవిడ ఇల్లు కూడా చీటీలో వచ్చింది. ఆ పుస్తకం తెరిస్తే సబ్బు ఉంది, నూనె ఉంది, మందులున్నాయి. చేప లేదు. పక్కింట్లో వల వేసే ఆయన రోజూ పొద్దున్నే ఆ గుమ్మానికి చేపలు తగిలించి పోవడం లెక్కలమ్మ కళ్ళారా చూసినదే.

"అత్తయ్యా, చేపలు రాయలేదేం?"

"కొంటే కదా రాయడానికి?"

"ఎవరైనా ఇచ్చినవి కూడా రాయాలి, బజారు ధర వేసి. మొదటి పేజీలోనే ఉంది."

"ప్రేమగా తెచ్చిన చేపకి ధర కట్టమంటావా? రేపు ఆయన మొహం ఎలా చూడను? ఈ దీవిలో ఎవ్వరూ రాయరు, కావాలంటే వెళ్ళి అడుగు."

అడిగింది. నాలుగు రోజులు కాళ్ళరిగేలా ఇల్లిల్లూ తిరిగింది. గుడ్లు, గుమ్మడికాయలు, కట్టెలు, చేపలు, అన్నీ చేతులు మారుతున్నాయి. రాయడమంటే మాత్రం చెవులు మూసుకుంటున్నారు. బజారు ధర వేసి చూస్తే ఎనభై ఒకటి కాస్తా నూట పన్నెండయింది.

అక్కడా ఇలాగే వదిలేశారేమోనని ఎదుటి దీవి ఆఫీసాయనకు ఫోన్ చేసింది. "మా దగ్గర ఎవరు ఎవరికి పెడతారమ్మా? అందరూ ఫ్యాక్టరీ పనికొచ్చి అద్దె గదుల్లో ఉండేవాళ్ళే. మంచినీళ్ళు కూడా కొనుక్కోవాల్సిందే" అన్నాడాయన.

సంగతి విని పెద్దసారు గది తలుపు వేశాడు. "లేనిది రాయమనట్లేదమ్మా, ఉన్నది వదిలెయ్యమంటున్నాను. వాళ్ళు రాయలేదు, మనకు తెలీదు. అంతే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. లెక్కలమ్మ నేరుగా అత్తగారి దగ్గరికే వెళ్ళి మొత్తం చెప్పేసింది. ఆవిడ వదిలెయ్యమంటే వదిలేద్దామనే వెళ్ళింది, దాచడమెందుకు.

అత్తగారు వాచిన పాదాలను పీట మీద పెట్టుకుని అంతా విన్నది. "అయితే ఇప్పుడు ఆ కాగితం ఏమంటుంది? మాకు పిడికెడు పెట్టే దిక్కు లేదనా?"

"అలాంటిదే."

"నేను జబ్బుపడ్డాక చేప కొన్న పాపాన పోలేదు. అంతమంది చేతుల మీద బతుకుతూ, నాకెవరూ లేరని పై ఊరివాళ్ళకి చెప్పుకోనా? ధర వెయ్యనన్నాను గాని, ఇవ్వలేదన్నానా?" అంటూ చెయ్యి చాపింది. "పెన్ను ఇటివ్వు. ధరలు నువ్వే వేసుకో, నాకు చూపించకు."

పద్నాలుగు రోజుల చేపలూ ఆవిడే రాసింది. ఆ పుస్తకం చూశాక మిగతా ఇళ్ళు కూడా రాశాయి. పెద్దసారు నెత్తి కొట్టుకుంటూ సంతకం పెట్టాడు.

పడవ ఎదుటి దీవికి వెళ్ళిపోయింది. ఆ కబురు లెక్కలమ్మే వెళ్ళి చెప్పింది. అత్తగారు అడిగింది.

"అక్కడ నాలాంటి వాళ్ళు ఎంతమందిట?"

"పంతొమ్మిది మంది."

"మనకి?"

"అయిదుగురు, మీతో కలిపి."

ఆవిడ కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. ఆ చూపులో బాధ లేదని చెప్పలేం. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎల్లుండికి రెండు టికెట్లు తీయించు. నువ్వూ వస్తున్నావు."

లెక్కలమ్మకు ఏడుపు ఆగలేదు. "నన్ను తిట్టండి అత్తయ్యా, మనసారా తిట్టండి."

"తిడతాను. నాలుగు గంటల ప్రయాణం మరి, ఊరికే కూర్చుంటానా?"