జొన్నచేనుకు కట్టిన ఆల్బమ్‌లు

గాలి వచ్చినప్పుడల్లా మా చేను మెరుస్తది.

జొన్నకంకుల మీద దారాలు. దారాలకు డిస్కులు. డిస్కులు తిరుగుతయి... ఎండ ముక్కలు ముక్కలయి టేకు చెట్ల మీద పడ్తది, మా యాడి మొఖం మీద పడ్తది, చిలుకల కండ్లల్ల పడ్తది.

చిలుకలు లేచిపోతయి.

అవి ఉత్త డిస్కులు కావు. హిప్ హాప్ ఆల్బమ్‌లు. నవ్వేటోళ్లు నవ్వుకోనీ.

యాడి అంటే మా లంబాడోళ్ల మాటల అమ్మ. పేరు సక్రి. టేకులపల్లి దాటినంక అడివి మొదలయ్యే కాడ మా తండా, తండా ఎనుక ఈ చేను. అప్పట్ల యాడి పొద్దుగాల బస్సుకు పాల్వంచ పోయి, కంపెనీ కాలనీల ఒక ఇంజనీరు ఇంట్ల పని చేసేది. ఆయనకు బదిలీ అయింది. పోతా పోతా ఒక అట్టపెట్టె యాడి చేతుల పెట్టిండు. మంచి పాటలున్నయి, వినేటోళ్లు ఎవరన్న ఉంటే ఇయ్యమన్నడట.

యాడి పెట్టె తెరిచింది. ఆమెకు పాటలు కనపడలే. అద్దాలు కనపడ్డయి.

ఒంటి నిండ అద్దాలు కుట్టుకొని పెరిగిన మనిషి. ఏ అద్దం ఎండను ఎంత దూరం కొడ్తదో ఆమెను అడగాలె. ఇవి చూస్తే గుండ్రంగున్నయి, తేలికగున్నయి, నడుమ బొక్క గుడ ఉంది... దారం గుచ్చనీకే చేసినట్టున్నయి. ఇంకేముంది. అన్నీ గుచ్చింది, అన్నీ కట్టింది. ఖాళీ డబ్బాలల్ల గవ్వలు పోసుకున్నది, సూదులు పెట్టుకున్నది.

ఆ యేడు మా జొన్న మీద పిట్ట వాలలే.

నేను కాలేజీ నుంచి వచ్చిన. చేను చూసిన. ఒక డిస్కు పట్టుకొని దాని మీద అక్షరాలు చదివిన. ఇంట్ల మూలకు పాత డీవీడీ ప్లేయర్ పడి ఉండె. మట్టి తుడిచి, డిస్కు ఏసి, కూసున్న.

ముందుగాల ఒక ఊపిరి.

ఒక ఆడమనిషి ఊపిరి పీల్చుకున్న చప్పుడు — అంతే. తర్వాత మాటలు. ఆగని మాటలు. నాకు ఒక్క మాట తెల్వలే. కానీ ఆ ఊపిరి తెలిసింది. కోపం వచ్చినోళ్లు తీసుకునే ఊపిరి. చెప్పాల్సింది చాన ఉన్నోళ్లు తీసుకునే ఊపిరి.

మళ్ల మొదటి నుంచి పెట్టిన.

యాడి వచ్చింది. ప్లేయర్ల నుంచి డిస్కు తీసుకున్నది. నడి చేన్ల అన్నిటికన్న పొడుగు వెదురుకు దాన్ని కట్టింది. అదే ఎక్కువ దూరం మెరుస్తదట.

బతిమిలాడిన. అలిగిన. అన్నం మానేసిన. యాడి నా దిక్కు గుడ చూడలే. ఆఖరికి ఒక మాట అన్నది. "ఆ పెద్ద వెదురుది తప్ప ఏదన్న తీసుకో. ఏది తీసుకుంటే దాని జాగల నువ్వు నిలబడు. పిట్టను నువ్వే కొట్టు."

సరే అన్న. నాకు గుడ పట్టుదల ఉంది. ఆమె కడుపుల పుట్టిన కదా.

ఒక డిస్కు తీసుకునుడు, ఒక దిక్కు కాపలా కాసుడు. మంచె ఎక్కి అరుసుడు. ఉత్త హో హో అంటే చిలుకలు రెండు దినాలల్ల అలవాటు పడ్తయి, లెక్క చెయ్యవు. రోజుకో తీరు అరవాలె. డిస్కులల్ల విన్నట్టు అరిసిన. తాళం కట్టి అరిసిన. ఇంగ్లీషు మాటలు అయిపోయినయి... నా మాటలు మొదలయినయి. బస్సుల నిలబడి పోయే ఆడోళ్ల మీద. పాల్వంచ పొగగొట్టాల మీద. రూప్లి అనే నా పేరును హాజరు పట్టీల రూప అని మార్చిన సారు మీద.

చిలుకలు లేచిపోయినయి.

మా బా, అంటే నాయిన, కోటేష్‌ను తండాల ఆపి అడిగేటోళ్లట — నీ బిడ్డకు గాలి సోకిందా ఏంది, పొద్దంత మంచె మీద ఒర్లుతున్నది అని. బా నవ్వుకుంట షిఫ్టుకు పోయేటోడు.

డిస్కుల మీద మంచు పడ్డది, ఎండ పడ్డది, గీతలు పడ్డయి. కొన్ని పాడనే పాడవు. ఒకటి ఒక్క మాట కాడ ఆగి, అదే మాట, అదే మాట, అదే మాట... దానికి కోపం డిస్కు అని పేరు పెట్టిన. ఒకదాంట్ల రైలు పోతున్నట్టు ఉంటది, అది రైలు డిస్కు. ఇంకొకదాంట్ల పిల్లలు నవ్వుతరు. అన్నీ నా గూట్ల వరుసగ పెట్టుకున్న.

ఫోన్ల చూస్తే, హిప్ హాప్ వినేటోళ్ల ఇంట్ల తప్పక ఉండాల్సిన ఆల్బమ్‌లని మస్తుమంది రాసిండ్రు. ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు. ఒకటే కొట్లాట. చదువుకుంట పోతే సగం పేర్లు ఎరుకయినయే. మా చేన్లయే.

నా లెక్క వేరే. ఏది తీసేస్తే చేను పిట్టల పాలయితదో, అది ఉండాల్సిన ఆల్బమ్.

గూట్ల ఒక సందు వదిలిపెట్టిన.

ఆ సందు నాది. అండ్ల నా ఆల్బమ్ పెట్టాలె. ఎవరు అవునన్నా కాదన్నా పెట్టాలె.

డిగ్రీ అయిపోయింది. ఖమ్మంల మొబైల్ షాపుల పని దొరికింది. కిరాయి రూమ్. సాయంత్రం ప్రభాకరన్న దగ్గర రికార్డింగ్. ఆయన పెండ్లి వీడియోలు కూర్చుతడు. ఎనుక అర్రల గోడలకు బొంతలు కొట్టి, నడుమ ఒక మైకు పెట్టుకున్నడు. మొదటి దినం నా గొంతు విని, ఇంత గట్టిగ ఎక్కడ నేర్చుకున్నవమ్మా అన్నడు. చిలుకల దగ్గర అన్న. ఆయనకు అర్థం కాలే.

పాట ఎనుక పాట అయినయి. ఆఖరిది ఒకటి మిగిలింది.

ఆఖరిది యాడి ఏడుపు.

మా దాంట్ల ఒక పద్ధతి ఉంది. చాన రోజులకు కలిసిన ఆడోళ్లు మెడలు పట్టుకొని ఏడుస్తరు. ఉత్తగ ఏడవరు. రాగం తీసి, తాళం తప్పకుండ, కలవని దినాలల్ల అయిందంతా చెప్పుకుంట ఏడుస్తరు. ఢావ్లో అంటరు దాన్ని. రాసుకునేది లేదు. అప్పటికప్పుడు కట్టుడే. ఒకరు చెప్తరు, ఊపిరి తీసుకుంటరు, ఆ సందుల ఇంకొకరు అందుకుంటరు. అందుకోకపోతే ఆ పిల్ల బండరాయి అని లెక్క.

నేను బండరాయినే. అత్తలు వచ్చి నా మెడ పట్టుకుంటే కట్టె లెక్క నిలబడేదాన్ని. సిగ్గు. చదువుకున్న సిగ్గు.

కానీ డిస్కులల్ల ఆ ఊపిరి విన్నప్పటి నుంచి తెల్సు నాకు. ఇది మా ఇంట్లదే. యాడి గొంతు లేకుంటే నా ఆల్బమ్ ఆల్బమే కాదు.

సెలవు పెట్టి ఇంటికి పోయిన. ఫోన్‌ను కుర్చీ మీద నిలబెట్టిన. యాడిని ముందట కూసోబెట్టిన. ఏడువు యాడీ అన్న.

యాడి నోరు తెరిచింది. ఫోన్ దిక్కు చూసింది. నోరు మూసింది.

"ఎవరు పోయిండ్రని ఏడవాలె? ఏడుపు అడిగితే రాదు ఛోరీ. దానికి మెడ కావాలె."

నా మెడ పట్టుకో అన్న. నిన్ననే కదా వచ్చినవ్, నువ్వు నాకు కొత్తనా అన్నది. ఉత్తపుణ్యానికి ఏడిస్తే ఇంటికి అరిష్టమన్నది. లేచి చేనుకు పోయింది.

నాకు మస్తు కోపం వచ్చింది. సరే — నేను గుడ చూస్త అనుకున్న.

ఇంటికి పోవుడు బంద్ చేసిన. కొత్తదాన్ని కావాల్నా? అయిత. పండుగకు పోలే. తోటిపిల్ల పెండ్లికి పోలే. యాడి ఫోన్ చేస్తే పని ఉందని చెప్పిన. ప్రభాకరన్న ఉపాయం చెప్పిండు. నువ్వు ఇంటికి పోయిన దినం ఫోన్ ఆన్ చేసి జేబుల పెట్టుకో, ఆమె మెడ పట్టుకున్నప్పుడు అదే రికార్డ్ అయితది, ఎవరికి తెల్వది అన్నడు.

మంచి ఉపాయమే అనిపించింది.

మోదుగు పువ్వు ఎర్రగ పూసిన దినాలల్ల పోయిన. బస్సు దిగి తండా దాటి సీద చేనుకు పోయిన. జొన్న కంకి పాలు పట్టింది. డిస్కులు తిరుగుతున్నయి. ఫోన్ జేబుల ఉంది. బొటనవేలు దాని మీదనే ఉంది.

యాడి చూసింది. చేతుల ఉన్న కొడవలి కింద పెట్టింది.

చిక్కింది యాడి. అంత చిక్కుతదని నేను అనుకోలే.

వచ్చి నా మెడ పట్టుకున్నది. ఊపిరి తీసుకున్నది... మొదలు పెట్టింది.

మేక ఈనింది బిడ్డా అన్నది. రెండు పిల్లలు, ఒకటి నిలబడ్డది, ఒకటి నిలబడలే, నువ్వు లేవు అన్నది. మీ బా మోకాళ్లు పట్టుకపోయినయి, మెట్లు దిగలేడు, నువ్వు లేవు అన్నది. నీ గూట్ల అద్దాలు రోజూ తుడుస్తున్న బిడ్డా, అవి ఏం చెప్తయో నాకు తెల్వదు, అవి నీకు నాకన్న దగ్గరయినయి, నువ్వు లేవు అన్నది. ఫోన్ల ఒకపారి పని ఉందన్నవ్, ఇంకొకపారి పని ఉందన్నవ్, నా గొంతు నీకు బరువయిందా, నువ్వు లేవు అన్నది.

తాళం తప్పలే. ఒక్కపారి గుడ తప్పలే.

నా బొటనవేలు ఫోన్ మీద ఉంది. నొక్కితే అయిపోయేది. నా ఆల్బమ్ అయిపోయేది.

యాడి ఆగింది. ఊపిరి తీసుకున్నది. ఆ సందు నా కోసం వదిలింది.

జేబుల నుంచి చెయ్యి తీసిన. రెండు చేతులతోని ఆమె మెడ పట్టుకున్న.

నోరు తెరిచిన.

ఎక్కడ ఉన్నదో అంత ఏడుపు... రాగం వచ్చింది, తాళం వచ్చింది, మా మాట వచ్చింది. కిరాయి రూమ్‌ల కిటికీ లేదు యాడీ అన్న. నా పేరు మళ్ల రూప్లి అని చెప్పుకుంటున్న అన్న. నీ గొంతు కోసమే నీకు దూరం పోయిన, ఆకలిగుంది యాడీ అన్న. ఆమె అందుకున్నది. నేను అందుకున్న. చేను ఎవరు కాయలే ఆ పొద్దు. చిలుకలు ఏమన్న తిన్నయో తినలేదో చూసుకోలే.

ఏడుపు ఆగినంక కండ్లు తుడుచుకొని యాడి నన్ను ఎగాదిగా చూసింది. "బండరాయివి అనుకున్న నిన్ను" అన్నది. పోయి రొట్టెలు చేసింది.

ఖమ్మం పోయి మైకు ముందట నిలబడ్డ. అన్నకు చెప్పిన, యాడి గొంతు తేలే అని. ఆయన తల పట్టుకున్నడు. నేను కండ్లు మూసుకొని నా సగం పాడిన. యాడికి చెప్పిన నా జవాబు. యాడి చెప్పే కాడ ఆగిన. ఆమె ఎంతసేపు చెప్పిందో అంతసేపు ఆగిన. మళ్ల నా సగం. మళ్ల ఆగిన.

ప్రభాకరన్న విని అడిగిండు, ఇంతింత ఖాళీలు ఏంది, బీట్ ఏసి నింపుదామా అని.

"వద్దన్నా. అది యాడి జాగ."

డిస్కు మీద ఎక్కించి ఇయ్యమన్న. ఈ కాలంల డిస్కు ఎవరు వింటరమ్మా, ఫోన్ల పెడితే అయిపాయె కదా అన్నడు. అందరికి ఫోన్లనే పెడ్త, నాకు మాత్రం దారం గుచ్చేది ఒకటి కావాలె అన్న. డిస్కు రాసే పాత కంప్యూటర్ కోసం ఖమ్మం అంతా తిరిగినం.

ఇయ్యాల తెచ్చిన.

యాడి చేన్లనే ఉంది. డిస్కు చేతుల పెట్టిన. నాదే అని చెప్పిన. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎండకు పట్టింది. నా మొఖం మీద కొట్టి చూసింది, నవ్వింది. అయితే మంచిగనే మెరుస్తది అన్నది.

పొడుగు వెదురు కాడికి పోయింది. దాన్ని వంచింది. ఇన్నేండ్లు ఇయ్యని ఆ పాత డిస్కు ముడి విప్పింది, నా చేతుల పెట్టింది. దాని జాగల నాది కట్టవట్టింది.

నా గూట్ల సందు నిండలే. నా ఆల్బమ్ చేనుకు పోయింది.

జేబుల ఫోన్ తీసిన. ఆఖరి పాట పెట్టి గట్టు మీద పెట్టిన. నా గొంతు చేన్ల పడ్డది — కిరాయి రూమ్‌ల కిటికీ లేదు యాడీ... ఆకలిగుంది యాడీ...

యాడి ఇనీ ఇననట్టు ముడి ఏస్తున్నది.

నా సగం అయిపోయింది. ఖాళీ వచ్చింది.

డిస్కులు ఒకదానికొకటి తాకిన చప్పుడు. జొన్న ఆకుల చప్పుడు.

దారం మీద యాడి చెయ్యి ఆగింది. నా దిక్కు తిరగలే. ఫోన్ దిక్కు చూడలే. పొడుగు వెదురు ఆమె చెయ్యి జారి మెల్లగ పైకి లేచింది.

ఒక ఊపిరి పీల్చుకున్నది.

గాలి వచ్చింది... చేను మెరిసింది.