పెరడు ఆవిడ కోసమే

ఆ ఇంట్లో ఇష్టం అన్నది నోటితో చెప్పకూడని మాట. చెప్పినవాళ్లదే పూచీ. ఇప్పుడుంటున్న ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజున ఆవిడ తెలియనితనం కొద్దీ, "వంటగదికి గాలి బాగా వస్తోందండీ" అని ఒక్క ముక్క అంది. అంతే, ఇల్లు ఇల్లంతా ఆవిడ మెడకు చుట్టుకుంది. గోడకు చెమ్మ ఎక్కితే, "గాలి కావాలన్నావుగా" అన్నారు. పై అంతస్తువాళ్లు కుర్చీలు బరబరా ఈడిస్తే, "ఏరి కోరి తెచ్చుకున్న ఇల్లాయె" అన్నారు. ఒక ఏడు వానలు విడవకుండా కురిసినందుకు కూడా అత్తగారు ఆవిడ వంకే చూశారు. అప్పట్నుంచి ఆవిడా నలుగురి దారి పట్టింది. ఏ రంగు కర్టెన్లు వేయిద్దామని అడిగితే "ఏవైనా పర్లేదు" అంది. మిగతావాళ్లూ అదే అన్నారు. ఫలితంగా ఎవరికీ నచ్చని ఆవాలరంగు కర్టెన్లు కిటికీలకు వేలాడుతున్నాయి. తప్పు మాత్రం ఎవరిదీ కాదు.

ఇలాంటివాళ్లకు ఇల్లు మారాల్సిన అగత్యం వచ్చిపడింది.

ఆవిడ భర్త కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షించి అద్దాలు అమర్చే మనిషి. వీధి మొత్తానికి ఆయన కళ్లద్దాలాయన. రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఆ దుకాణం ఎత్తేస్తున్నారు. యజమానికి ఇంకో రెండు దుకాణాలున్నాయి. ఒకటి పట్నం నడిబొడ్డున, రెండోది పట్నానికి రైల్లో గంట దూరాన ఒక చిన్న శివారులో. "నీకు ఏది కావాలో నువ్వే చెప్పవయ్యా, శనివారంలోగా తేల్చు" అన్నాడాయన. పాపం మంచివాడు. ఈ ఇంటి సంగతి తెలియక అలా అనేశాడు.

ఆదివారం నలుగురూ వెళ్లి రెండుచోట్లా ఇళ్లు చూసొచ్చారు. పట్నంలోది అయిదో అంతస్తులో ఫ్లాటు. మంచి స్నేహం ఉంటే తప్ప ఇద్దరు నిలబడలేని వంటగది, ఎదురుగా రైలు పట్టాలు. పిట్ట (ఆవిడ కూతురు, నోరు మూతపడదు గనక ఆ పేరు) వచ్చిన దగ్గర్నుంచి వెళ్లేదాకా లిఫ్టులోనే కాపురం చేసింది. అత్తగారు కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుని, "ఇక పోదామా" అని మూడుసార్లు పిలిచినా కదల్లేదు. శివారులోది విడి ఇల్లు. ఎదర ఒకే ఒక వీధి, ఆ వీధిలో మనుషుల కంటే ఎక్కువగా ఆగి ఉన్న కార్లు, ఇంటి వెనక వాలీబాల్ ఆడుకునేంత పెరడు.

"చూశావా?" అన్నాడు కళ్లద్దాలాయన, పెరటి తలుపు తానే కట్టించినట్టు తెరిచి పట్టుకుని. "అంతా నీకోసమే."

ఆవిడ కాలేజీలో బోటనీ చదివింది. అదీ ఆవిడ చేసుకున్న పాపం.

ఆ 'నీకోసమే' అన్న మాట ఆదివారం మొదలై గురువారం దాకా ఇంట్లో తిరుగుతూనే ఉంది. యజమాని ఫోన్ చేస్తే, "మా ఆవిడకు మొక్కలంటే ప్రాణమండీ, అందుకని ఆలోచిస్తున్నా" అన్నాడు. పక్కింటివాళ్లు అడిగితే, "తనకు పెరడు కావాలి మరి" అన్నాడు. ఆవిడ గుమ్మం ఇవతల నిలబడి చిక్కుడుకాయలకు పీచు తీస్తూ అన్నీ విన్నది. తను అడగని పెరటికి తననే పూచీ పెడుతుంటే, రేపు అక్కడ దోమ కుట్టినా తనే కుట్టినట్టు లెక్క.

అసలు సంగతి ఆవిడ కడుపులో వేరే ఉంది. కాలేజీలో తనతో చదివిన స్నేహితురాలు పట్నంలో విత్తనాల పరీక్షశాల నడుపుతోంది. తడి కాగితాల మీద గింజలు పేర్చి, ఏవి మొలిచాయో ఏవి కుళ్లాయో చూసి చెప్పే పని. మొన్నామధ్య ఫోన్ చేసి, "ఒక మనిషి కావాలే. తెలివి ఉన్నవాళ్లు చాలామంది వచ్చారు, ఓపిక ఉన్నవాళ్లు దొరకట్లేదు. నువ్వు గుర్తొచ్చావు" అంది. "ఓపికా? పెళ్లయిన దగ్గర్నుంచి అదే నా ఉద్యోగం" అంది ఈవిడ నవ్వుతూ. నవ్వింది గానీ ఫోన్ పెట్టేశాక వంటగదిలో చాలాసేపు ఊరికే నిలబడిపోయింది. ఫ్లాటు నుంచైతే ఒక్క బస్సు. శివారు నుంచైతే తొక్కిసలాట రైలు, ఆ తర్వాత బస్సు, పిట్ట బడి నుంచి వచ్చేసరికి ఇంటికి చేరడం కల్ల. శుక్రవారం సాయంత్రానికల్లా చెప్పమంది స్నేహితురాలు. ఆవిడ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా ఒక్కసారి, మాటవరసకైనా, "నీకేం కావాలి" అని అడుగుతారని చూస్తోంది. అడిగితే చెప్పొచ్చు. అడగందే చెబితే పూచీ.

గురువారం భోజనాలయ్యాక కళ్లద్దాలాయన బల్ల ముందు నుంచి లేవలేదు.

"సరే, ఇవాళ తేల్చేద్దాం" అన్నాడు గొంతు సవరించుకుని. ఆ గొంతు ఆవిడకు తెలుసు. దుకాణంలో జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లముందు ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెట్టేటప్పుడు వాడే గొంతు. "నిదానంగా చెప్పు, తొందరేం లేదు. పెరడు ఉన్న ఇల్లు… పెరడు లేని ఇల్లు. ఏది బాగుంది?"

"ఏదైనా పర్లేదు."

"ఇంకోసారి చూడు. ప్రశాంతంగా ఉండేది… గోలగోలగా ఉండేది. ఇప్పుడు బాగుందా, ఇప్పుడు బాగుందా?"

"లిఫ్టు ఉన్నది… లిఫ్టు లేనిది!" అంది పిట్ట, అచ్చం అదే గొంతుతో.

"నిన్నెవరడిగారే?" అన్నారు అత్తగారు.

"నీ మోకాళ్ల తరఫున చెబుతున్నా నాయనమ్మా."

"నా మోకాళ్లకేం, ఎక్కడ పడేస్తే అక్కడ పడి ఉంటాయి."

"అదిగో, అమ్మకు ఎక్కడైనా ఒకటే. నాకూ ఎక్కడైనా ఒకటే" అన్నాడు కళ్లద్దాలాయన. "ఇక నీ ఇష్టమే మిగిలింది. నీకా, మొక్కలంటే ప్రాణం…"

"నాకు మొక్కలంటే ప్రాణమని ఎప్పుడన్నానండీ?"

"అనడమేంటి? చదివావుగా!"

"మీరు కళ్లు చదివారు. ఎవరి కళ్లంటే ప్రాణం మీకు?"

అత్తగారికి పొలమారింది. పిట్ట లేచి నాయనమ్మ వీపు నిమిరింది. కళ్లద్దాలాయన ముందు తల్లి ముఖం చూశాడు, తర్వాత భార్య ముఖం చూశాడు, నవ్వాలో కోప్పడాలో తేలక రెండింటికీ మధ్య ఆగిపోయాడు. అక్కడ దొరికింది ఆవిడకు కిటుకు. ఈయన ఎదుటివాళ్ల ముఖం చదివి దానికి సరిపోయే మాట అమర్చి ఇస్తాడు. ముఖాలే కనబడకపోతే?

ఆవిడ లేచి వెళ్లి ఆయన ముక్కు మీది కళ్లజోడు మెల్లిగా తీసేసింది.

"ఏయ్, ఏంటిది? నాకేం కనపడదు!"

"కనపడక్కర్లేదు. ఇప్పుడు నేను అడుగుతా, మీరు చెప్పండి. ఇల్లు సంగతి వదిలేయండి. పట్నం దుకాణం… శివారు దుకాణం. ఏది?"

"అదేంటి, దుకాణం గురించి ఎవరు…"

"తొందరేం లేదు. నిదానంగా చెప్పండి."

కళ్లజోడు లేని ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా ఉంది. ఎటు చూసి మాట్లాడాలో తెలియక బల్ల మీది నీళ్లచెంబుతో చెప్పాడు. "శివారు."

"ఎందుకు?"

"పట్నంలో మెషీన్ పెట్టారు. మనిషి వచ్చి గడ్డం ఆనిస్తే చాలు, నంబరు అదే చెప్పేస్తుంది. ఇక నేనక్కడ చేసేదేంటి? రండి కూర్చోండి, లేవండి వెళ్లండి. ఆ మాత్రానికి నేనెందుకు, ఒక స్టూలు చాలు. శివారులో ఇంకా అద్దాల పెట్టె ఉంది. మనిషిని కూర్చోబెట్టి, ఒక్కో అద్దం మార్చి, అడిగి…" ఆగాడు. "నాకు వచ్చిన పని అది."

ఆవిడకు జాలి వేసింది. ఆ వెనకే కోపం తన్నుకొచ్చింది. జాలి కంటే కోపమే రెండడుగులు ముందుంది.

"ఈ ముక్క ఆదివారమే చెబితే మీ సొమ్మేం పోయింది?"

"చెప్పాక అక్కడేదైనా తేడా వస్తే, రేపు మీరంతా నన్ను…"

"అందుకని నా పేరు చెప్పారు! మీ అద్దాల పెట్టెకు నా పెరడు అడ్డం పెట్టారు!"

"నీకూ మంచిదే కదా అని…"

"నాకేది మంచిదో నన్ను అడిగారా?"

"వారం నుంచి అడుగుతూనే ఉన్నాగా!"

"పెరడు కావాలా వద్దా అని అడిగారు. నీకేం కావాలి అని అడగలేదు" అంది ఆవిడ. ఇక అడిగేదాకా ఆగే ఓపిక, అంతటి ఓపికమంతురాలికీ అయిపోయింది. పరీక్షశాల సంగతి మొత్తం చెప్పేసింది. తడి కాగితాలూ, గింజలూ, ఒక్క బస్సూ, శుక్రవారం గడువూ అన్నీ.

అత్తగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"మొలకలు చూసినందుకు జీతమిస్తారా?" అన్నారు.

"ఇస్తారు."

"కళ్లు చూసినందుకు ఇస్తున్నారుగా నాయనమ్మా" అంది పిట్ట.

అత్తగారు కొడుకు వైపు తిరిగారు. "ఒరేయ్, దుకాణం శివారులో ఉంటే ఇల్లు కూడా అక్కడే ఉండాలని ఎవర్రా చెప్పింది నీకు?"

ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్లూ దుకాణం వెనక సందులోనే ఇల్లు. మధ్యాహ్నం చెప్పులేసుకుని వచ్చి వేడిగా తిని, ఒక కునుకు తీసి వెళ్లే మనిషికి, ఇల్లూ దుకాణమూ వేరువేరు ఊళ్లలో ఉండొచ్చన్న ఊహే రాలేదు. ఆయనకే కాదు, ఆవిడకూ రాలేదు. ఆ సంగతి తట్టగానే ఆవిడకు తన మీద కూడా ఒళ్లు మండింది.

"ఆదివారం పూట కూడా పొద్దున్నే పట్నంలోకి వచ్చే రైళ్లలో జనం తలుపులకు వేలాడుతున్నారు. పోయే రైళ్లలో పురుగు లేదు" అన్నారు అత్తగారు. "కిటికీలోంచి అంతసేపు చూసింది దేనికనుకున్నావు? ఖాళీ రైల్లో కాళ్లు బారజాపుకుని పోవచ్చు నువ్వు."

"రోజూనా? పోను గంట, రాను గంటా? మరి మధ్యాహ్నం భోజనం?"

"డబ్బా."

"చల్లారిపోతుందే అమ్మా!" అన్నాడు ఆయన ఆ వయసులో. తర్వాత గొంతు సవరించుకుని, "సరే, ఆలోచిద్దాం" అన్నాడు.

ఆలోచిద్దాం! ఆ ఇంట్లో ఆలోచిద్దాం అంటే ఎప్పటికీ కాదని అర్థం. కొత్త కుక్కర్ గురించి ఆలోచిస్తున్నారు, పిట్ట ఈత గురించి ఆలోచిస్తున్నారు, ఆవిడ పై చదువు గురించి ఎంతగా ఆలోచించారంటే చివరికి వయసైపోయింది. ఆవిడ చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్లింది.

"అమ్మాయ్, చూసుకో" అన్నారు అత్తగారు హెచ్చరికగా. "ఇప్పుడు చేశావంటే పట్నం నువ్వు కోరుకున్నట్టే."

"అవునత్తయ్యా. నేనే కోరుకున్నా. నాకు కావాలి."

అనేశాక చూస్తే ఇంటి కప్పు కూలలేదు. ఆవాలరంగు కర్టెన్లు కూడా యథాప్రకారం అంతే అందవికారంగా ఉన్నాయి.

స్నేహితురాలు మొదటి రింగుకే ఎత్తింది. "ఒకటో తారీకున వచ్చేస్తున్నానే" అంది ఆవిడ. అవతల్నుంచి ఏదో అడిగారు. "ఇల్లా? ఎక్కడన్నది మావాళ్లు ఇంకా తేలుస్తున్నారు. నేను మటుకు వస్తున్నా."

ఫోన్ పెట్టేసి కళ్లజోడు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన పెట్టుకుని ఆవిడ ముఖంలోకి చూశాడు. అక్కడ చదువుకోవడానికి వీలైనదేదీ ఆయనకు దొరికినట్టు లేదు.

"అయితే నా డబ్బాలో ఏం పెడతావు?" అన్నాడు బెంగగా.

"మీరేం వండుకుంటే అది పెట్టుకోండి. ఆ వేళకు నాకు బస్సుంటుంది."

ఆయన నోరు తెరిచాడు. "ఆలో…" అని, అక్కడితో మింగేసి, నీళ్లు తాగాడు.