ఉన్నీ పంపిన ప్రూఫ్

కొరియా పాటల పిచ్చి పట్టినవాళ్లకు ఒక భాష ఉంటుంది. అది తెలియనివాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతారు. నవ్వనీ, మాకేం. బ్యాండ్‌లో మన మనసు దోచుకున్నవాడు బయాస్. అందరిలోకీ చిన్నవాడు మక్నే. అమ్మాయిలు తమకంటే పెద్దదాన్ని ఉన్నీ అంటారు, అంటే అక్క. అభిమానం ముదిరి స్టార్ ఇంటి గుమ్మం దాకా వెంటపడేవాళ్లు సాసెంగ్‌లు, వాళ్లంటే మాకందరికీ అసహ్యం. మా ఊరు రేగొండలో ఈ భాష మాట్లాడేది నేనూ, నా క్లాస్‌మేట్ కీర్తనా మాత్రమే. మిగతావాళ్లంతా ఫోన్‌లోనే.

ఆ ఫోన్‌లోనే నాకొక ఉన్నీ ఉంది. బెంగళూరులో ఉద్యోగమని చెప్పింది. నన్ను మక్నే అని పిలిచేది. వానాకాలం నుంచి రోజూ రాసుకుంటున్నాం. బాపు పిసినారితనం, అమ్మతో గొడవలు, ఇంటర్ లెక్కల్లో నా మార్కులు, అన్నీ ఆమెకు చెప్పేశాను. ఆదివారం హన్మకొండలో ఒక హోటల్‌కి వస్తే నా బయాస్ ఫొటోకార్డ్ ఇస్తానంది, అంటే పాటల ఆల్బమ్‌తో వచ్చే చిన్న బొమ్మ కార్డు, మాకది బంగారం. కీర్తనను తీసుకురావద్దు, ఒక్కదానివే రా అంది. భూపాలపల్లిలో ప్రాక్టికల్స్ ఉన్నాయని ఇంట్లో చెప్పడానికి అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను.

కీర్తన మాత్రం ముందు ప్రూఫ్ అడగమని పట్టుబట్టింది. అది మా దగ్గర పద్ధతి. కార్డు నిజంగా చేతిలో ఉందని చూపడానికి, పక్కన చీటీ మీద అడిగినవాళ్ల పేరు, ఆ రోజు తేదీ రాసి ఫొటో పంపాలి. అడిగితే ఉన్నీ అలిగింది, నా మీద నమ్మకం లేదా అంది. మరునాడు మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫొటో వచ్చింది.

మేం ఏ ఫొటోనూ ఊరికే చూడం. పెద్దది చేసి, వెనక అద్దంలో ఏం కనిపిస్తోంది, ఉంగరం ఏ వేలికి ఉంది అని జల్లెడ పడతాం. అలవాటుగానే పెద్దది చేశాను. కార్డు ఉంది. చీటీ మీద రుచిత అని నా పేరుంది. చీటీ కింద ఆకుపచ్చ పూల రెగ్జిన్ గుడ్డ, దాని మీద మస్కిటో కాయిల్ కాలిన నల్లటి మచ్చ.

ఆ మచ్చ చేసినందుకు అమ్మ నన్ను తిట్టిపోసింది. అది మా ఎరువుల దుకాణంలో బాపు బల్ల మీది గుడ్డ.

కంచం పక్కకు తోసి లేచాను. మా ముందుగదే దుకాణం, మధ్యలో కర్టెన్ ఒక్కటే. దాని సందులోంచి చూశాను. బాపు అటువైపు తిరిగి బస్తాలు సర్దుతున్నాడు. బల్ల దగ్గర నగేశ్ కాక కూర్చున్నాడు. విత్తనాల కంపెనీ మనిషి, బాపుకు చిన్ననాటి దోస్తు, మా ఇంట్లో మనిషిలా అన్నం తింటాడు. బయాస్ అంటే ఏమిటి, ప్రూఫ్ అంటే ఏమిటి అని నన్ను ఓపికగా అడిగి తెలుసుకున్న పెద్దమనిషి ఆయన ఒక్కడే. నా పిచ్చిని ఎగతాళి చేయలేదని ఎంత మురిసిపోయానో.

కాదులే, ఆ బల్ల దగ్గరికి ఎవరైనా రావచ్చు అని సర్దిచెప్పుకున్నాను. ఎక్కడున్నావ్ ఉన్నీ అని పంపాను. నగేశ్ కాక జేబులోంచి ఫోన్ తీశాడు. చదివాడు. తనలో తాను నవ్వుకుంటూ టైప్ చేశాడు. నా చేతిలో ఫోన్ వెలిగింది.

'ఆఫీసులో ఉన్నా మక్నే. ఆదివారం ఒక్కదానివే వస్తున్నావ్ కదా?'

గదిలోకి పోయి గొళ్లెం పెట్టుకోవాలనిపించింది. ఆదివారం పోకుండా ఊరుకుంటే చాలనిపించింది. కానీ నేను పోకపోతే ఆయనే వస్తాడు. అన్నానికి కూర్చుంటాడు, నేనే వడ్డించాలి. బాపుకు చెబితే ఆ రాతలన్నీ చదువుతాడు, తనను పిసినారి అన్నదీ, ఆడబోయిన అబద్ధమూ. ఫోన్ పోతుంది, కాలేజీ కూడా పోతుందేమో. అన్నిటికంటే, దోస్తును కాదని నన్ను నమ్ముతాడా? ఆ భయమే ఎక్కువగా పట్టుకుంది.

అయినా కర్టెన్ తోసుకుని బయటికొచ్చాను.

"ఏంది బిడ్డా, గట్ల చెమటలు పట్టినయ్?" అన్నాడు నగేశ్ కాక, ఎప్పటిలాగే ప్రేమగా.

ఆయన మొహం చూస్తే ఇక నోరు లేవదని తెలుసు. చూడకుండా వెళ్లి ఫోన్ బాపు చేతిలో పెట్టాను. బాపు అద్దాలు పెట్టుకుని మెల్లగా చదివాడు. ఫొటో దగ్గర ఆగాడు. బల్ల వైపు చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు.

"ఉన్నీ అంటే ఏంది బిడ్డా?"

"అక్క, బాపు."

"ఈ అక్క ఎవలు?"

బల్ల వైపు వేలు చూపించాను. నగేశ్ కాక లేచి, ఊకె మజాక్ చేసినా, పిల్లను ఆట పట్టించినా అంటూ నవ్వబోయాడు. బాపు అరవలేదు. ఫోన్‌ను లోపలి జేబులో పెట్టుకుని, నన్ను తన వెనక్కి లాక్కుని, పోలీస్ స్టేషన్‌కు పోదాం పద బిడ్డా అన్నాడు. నగేశ్ కాక నవ్వు ఆగిపోయింది.

బాపు నా మణికట్టు వదలకుండా బయటికి నడిచాడు. గడప దాటాక ఆగి, నా మొహంలోకి చూడలేక నేల వైపు చూస్తూ అన్నాడు.

"ఎన్నిమార్లు వీనితోని నిన్ను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోయిన్నో బిడ్డా."